జోగమ్మ చేతి తాడు

2005 జూన్. ఖమ్మం జిల్లా చర్ల మండలంలో, తారు రోడ్డు అయిపోయాక మట్టిదారిలో చాలాసేపు నడిస్తే వచ్చే ఒక కోయ గూడెం. బడి తెరవడానికి వారం రోజులు కూడా లేవు. బడి కప్పు మీదికి వాలిన ఇప్పచెట్టును కొట్టేయాలని నాకు కబురొచ్చింది.

నా పని సంగతి ముందు చెప్పాలి. చెట్లు తీసేవాడినంటే అందరూ నా చేతిలో గొడ్డలిని ఊహించుకుంటారు. నాకు గొడ్డలితో పని తక్కువ, తాళ్ళతో ఎక్కువ. ఇంటి మీదికో కరెంటు తీగల మీదికో వంగిన చెట్టును నిలువునా పడగొట్టడానికి వీలుండదు. పైకెక్కి, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ తాడుతో దించాలి. దీన్నే రిగ్గింగ్ అంటారు. పాల్వంచ వైపు పెద్ద కట్టడాల దగ్గర పన్నెండేళ్ళు ఖలాసీగా ఇనుప దూలాలు ఎత్తీ దించీ నేర్చుకున్న విద్య అది. చెట్టెక్కడం మాత్రం మా బావమరిది వెంకన్న నేర్పాడు. వాళ్ళది పెనుబల్లి దగ్గర తాటిచెట్లెక్కే కుటుంబం. గీత పనివాళ్ళు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే మోకుకు నేను ఖలాసీ రోజుల నాటి సేఫ్టీ బెల్టును జోడించాను. ఒకటి విప్పుతున్నప్పుడు ఇంకోటి కట్టే ఉండాలన్నది మా ఇద్దరి ఒప్పందం. అందుకే ఇద్దరం ఇంకా బతికుండి, ఒకరి మీద ఒకరం మా ఇంటావిడకు చాడీలు చెప్పుకుంటున్నాం.

దారిలో పోలీసు క్యాంపు దగ్గర మా సంచులు విప్పించారు. తాళ్ళు, కొక్కేలు, రంపాలు, ఇనుప పుల్లీలు ఒక్కొక్కటే బయటపడుతుంటే అక్కడి జవాను మా మొహాలు మళ్ళీ మళ్ళీ చూశాడు. బడి కాగితం చూపించాక గానీ వదల్లేదు. గూడెం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

హెడ్‌మాస్టరుగారు మధిర వైపు మనిషి, నెమ్మదస్థుడు. నెల కిందట ఈదురుగాలికి చెట్టు పెద్దకొమ్మ ఒకటి మొదట్లో చీలిందని, అది సరిగ్గా పిల్లలు కూర్చునే గది రేకుల మీద వేలాడుతోందని చూపించారు. ఆయనకు నిద్ర పట్టడం లేదట. చెట్టు తీసేయడానికి పైవాళ్ళ అనుమతి కూడా తెచ్చుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, చెట్టు మొదట్లో ఒక ముసలమ్మ కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందట. పేరు జోగమ్మ. ఆ ఊళ్ళో ఇప్పచెట్లు అడవిలో ఉన్నా, బడి జాగాలో ఉన్నా, ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ఏరరు. ఈ చెట్టు జోగమ్మది, ఆమెకు ముందు వాళ్ళ అత్తది. ఎండాకాలంలో పువ్వు, వానలు పడ్డాక నూనెకు గింజ. ఇంట్లో బియ్యం లేని రోజుల్లో ఉడికించుకున్నది కూడా ఆ పువ్వేనని చెప్పింది. బతిమాలలేదు, ఏడవలేదు. ఇంత పెద్ద చెట్టుకు ఒక చెయ్యి విరిగితే మనిషినే చంపుతారా అని మాత్రం అడిగింది.

నేను చుట్టూ తిరిగి చూశాను. చెట్టు పైకి వెళ్ళి రెండు పాయలుగా చీలింది. నిలువుగా ఉన్న పాయ ఉక్కులా ఉంది. బడి మీదికి వంగిన పాయ ఒక్కటే చెడింది. దాన్ని దించేస్తే చెట్టుకు ఢోకా లేదు, బడికీ ఢోకా లేదు. కాకపోతే బడికి అవతల ఖాళీ జాగా ఉంది గనక, చెట్టును తాళ్ళతో అటు లాగి కొట్టేయడం కంటే అది మూడింతల పని. నిజం చెప్పొద్దూ, కొట్టేసి సాయంత్రం బస్సుకు ఇంటికి పోదామనే నా మనసు లాగింది. కానీ ఆమె నా మొహంలోకి అదేపనిగా చూస్తోంది. కొమ్మ ఒక్కటీ తీసి చూద్దామని సారుకు చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, పిల్లలకు ప్రమాదమనిపిస్తే మాత్రం చెట్టు మొత్తం తీయాల్సిందేనన్నారు.

పని మొదలుపెట్టాం. సన్నటి తాడుకు బరువు కట్టి పైపంగలోంచి విసరడాన్ని త్రో లైన్ అంటారు. మా బరువు ఒక లారీ నట్టు. దాని వెంట పెద్ద తాడు పైకి పోయింది. నేనెక్కి, నిలువు పాయకు గట్టి పట్టీ చుట్టి బ్లాక్ వేలాడదీశాను. బ్లాక్ అంటే పెద్ద కప్పీ. కోసే ముక్కకు తాడు కట్టి, కప్పీ మీదుగా కిందికి దించి, పక్కనున్న మద్దిచెట్టు మొదలుకు మూడు చుట్లు తిప్పాం. ఈ చుట్లను ర్యాప్స్ అంటాం. కిటుకంతా అక్కడే ఉంది. బరువును చెట్టు మొదలు మింగుతుంది. కొస పట్టుకున్న మనిషి మెల్లగా వదులుతూ ఉంటే చాలు. ఇంకో తాడు, గైడ్ రోప్, ముక్క రేకుల మీదికి ఊగకుండా పక్కకు లాగడానికి. దాంతో వెంకన్న బడి వెనకాల నిలబడ్డాడు.

పెద్ద తాడు పట్టడానికి ఊరి కుర్రాళ్ళు నలుగురు ముందుకొచ్చారు. దుంగలు లాగి లాగి తేలిన కండలు. చూడగానే నాకు ముచ్చటేసింది. చుట్లుంటే బరువు మొదలు మీద పడుతుంది, మీరు మెల్లగా వదలండి అని చెప్పి పైకెక్కాను. నేను రంపం మీద ఉండగా, వాళ్ళు తాడును ఒకసారి లాగి చూసుకున్నారట. చుట్లుంటే తాడు కదలడం లేదు. ఈ మేస్త్రీకి తెలివి లేనట్టుందని, నాకు సాయంగా, మూడు చుట్లూ విప్పేశారు. దుంగ లాగేవాడికి తాడు పట్టేసిందంటే విప్పడమే తెలుసు మరి.

ముక్క తెగింది. నలుగురూ ఒక్కసారి ముందుకు దూసుకుపోయారు. ఇద్దరు బోర్లా పడ్డారు, ఒకడు మద్దిచెట్టును కావలించుకున్నాడు, నాలుగోవాడు తాడు వదలక జానెడెత్తు గాల్లోకి లేచాడు. ముక్క పోయి రేకుల అంచుకు తగిలి ఒక రేకు పగిలింది. ఊరంతా పడీపడీ నవ్వింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గనక నాకూ నవ్వొచ్చింది. నవ్వనిది సారూ, జోగమ్మా.

సారు నన్ను దిగమన్నారు. చిన్నముక్కకే ఇట్లా అయితే పెద్దది దించేటప్పుడు గోడ కూడా మిగలదన్నారు. రేపు ఉదయం చెట్టు కొట్టేయమన్నారు. ఆ మాటలో తప్పేముంది? నేనూ తలూపాను. అప్పుడు జోగమ్మ లేచి, చీర కొంగు నడుముకు చుట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఆ చుట్లు పోరగాళ్ళు ఇప్పిండ్రు, నేను చూసిన. గుంజుడు కాదు కద నీకు కావాల్సింది, ఇడుసుడు. బాయిల కుండ దించినట్టు. తాడు నేను పడత."

నేను నవ్వాను. ఆమె బరువు తడిసిన గోనెసంచి అంత కూడా ఉండదు. అవ్వా, ఈ కొమ్మ నిన్ను ఎత్తుకుపోయి చెట్టు మీద కూర్చోబెడుతుందన్నాను. మూడు చుట్లుంటే బరువు మొదలు మీద పడుతుందని నువ్వే చెప్పితివి కద, అబద్ధమా అని అడిగింది. నా విద్యను నాకే అప్పజెప్పింది. పంతానికి పోయి, సరే, కొమ్మకు ముందు నన్నే దించు చూద్దామన్నాను. చుట్లు మళ్ళీ వేశాను. తాడు ఆమె చేతికిచ్చి, కొస పట్టుకోమని వెంకన్నను ఆమె వెనకాల నిలబెట్టాను. పంతం పంతమే, జాగ్రత్త జాగ్రత్తే. పైకెక్కి, తాడును బెల్టుకు కట్టుకుని, గాల్లోకి జారాను.

ఎంత హాయిగా దించిందో చెప్పలేను. పన్నెండేళ్ళ ఖలాసీ పనిలో అంత మెత్తటి చెయ్యి నేను చూడలేదు. సరిగ్గా మూడు నిలువుల ఎత్తులో ఉండగా తాడు ఆగిపోయింది. ఏమైందోనని కిందికి చూశాను. జోగమ్మ ఒక్క చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి నడుం మీద పెట్టుకుని నన్నే చూస్తోంది.

"దించుత గానీ, ముందు ఒక మాట చెప్పు. చెట్టు కొడతవా, కొమ్మనే తీస్తవా?"

"కొమ్మనే తీస్త అవ్వా."

"రేపు సారు కొట్టుమంటే?"

"నేను కొట్ట."

"గట్టిగ చెప్పు. సారుకు ఇనపడాలె."

గాల్లో గిరగిరా తిరుగుతూ ఊరందరి ముందూ గట్టిగా చెప్పాను. వెంకన్న ఏమన్నా సాయం చేస్తాడేమో అని చూస్తే, వాడు తాడు కొస పట్టుకునే నవ్వలేక చస్తున్నాడు. అప్పటిదాకా మూతి బిగించుకున్న సారు కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"మేస్త్రీ, ముందు మీరు కిందికి రండి. ఇంకొక్క ముక్క దించి చూడండి. ఈసారి రేకు పగిలితే మాత్రం ఆవిడ మాట కూడా నేను వినను" అన్నారు.

ఆ ఒక్క ముక్కతో మొదలై మధ్యాహ్నమంతా సాగింది. వెంకన్న మళ్ళీ గైడ్ రోపు అందుకున్నాడు. చిన్నముక్కలు ఒక్కోటీ వచ్చి జోగమ్మ చెప్పినచోట కూర్చున్నాయి. తాడు పట్టిన నలుగురు కుర్రాళ్ళూ ఇప్పుడు ముక్కలు మోసి పక్కన పేరుస్తున్నారు, మేం పాడుచేసిన పనికి మాకీ శిక్ష తగిందేనని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ. చివరికి మిగిలింది అసలు మొద్దు, గుమ్మం దూలమంత లావు. దాని కింద పగలని రేకులు.

ముందు కింది వైపు నుంచి కొంత కోశాను. దీన్ని అండర్ కట్ అంటారు. అది లేకుండా పైనుంచే కోస్తే మొద్దు విరిగేటప్పుడు చెట్టు బెరడును కిందిదాకా చీల్చుకుని పోతుంది, ఆ గాయం మానదు. తర్వాత పైనుంచి మొదలుపెట్టాను. నాలుగో చుట్టు వేయమని అరిచాను. వెంకన్న వెళ్ళి చూసి, "అవ్వ ఎప్పుడో ఏసింది బావా" అన్నాడు. రంపం మళ్ళీ పెట్టే ముందు ముడి ఇంకోసారి చూసుకున్నాను. ఆ మొద్దు జారితే పోయేది నా పరువు కాదు, ఆమె ఇంటి తిండి.

టప్పున తెగింది. తాడు బిగుసుకుని, నేనున్న పాయ ఒక్కసారి ఊగింది. మొద్దు గాల్లో ఆగింది. వెంకన్న గైడ్ రోపు లాగుతుంటే, అటు జోగమ్మ జానెడు జానెడు వదులుతుంటే, అది రేకుల మీదుగా పక్కకు వచ్చి, గోడ దాటి, కిందికి దిగింది. పసిపిల్లను చాప మీద పడుకోబెట్టినట్టు నేల మీద పడుకుంది. అంతసేపూ ఊరు ఊపిరి బిగబట్టినట్టుంది, ఒక్కసారిగా కేకలు వేసింది. ఎవరో డోలు కూడా తెచ్చారు. సారు రేకుల కిందికీ పైకీ తిరిగి చూసుకుని, పగిలిన రేకు ఒక్కటీ వేయిస్తే సరిపోతుందని, చెట్టు ఉంటుందని అందరి ముందూ చెప్పారు. నవ్విన నాపచేనే పండిందని వెంకన్న నన్ను చూస్తూ అన్నాడు, నవ్వినవాణ్ణి నేనే గనక.

ఆనందంలో అందరూ జోగమ్మ చుట్టూ మూగారు. ఆమె మాత్రం కదల్లేదు. తాడు రెండు చేతులా అలాగే పట్టుకుని పైకి చూస్తోంది. పని అయిపోయిందని, తాడు వదిలేయమని పైనుంచి చెప్పాను.

"నువ్వు దిగు ముందు. నువ్వు దిగినంక ఇడుస్త."

నన్ను పట్టి ఉంచినది ఆ తాడు కాదని, నాకు వేరే బెల్టుందని, మోకుందని చెప్పాను. ఆమె వినలేదు.

"నాకవన్ని తెల్వయి బిడ్డా. నువ్వు పైనున్నవు, తాడు నా చేతులున్నది."

అన్నేళ్ళలో ఎన్నో దూలాలు, ఎన్నో చెట్లు. ముక్క నేల తాకగానే కిందివాళ్ళ పని అయిపోయేది. తాళ్ళు చుట్టేసుకుని బీడీ ముట్టించేవాళ్ళు. పైన మనిషి ఇంకా ఉన్నాడన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. నేను కింద ఉన్నప్పుడు నాకూ ఉండేది కాదు. నేను దిగి నేల మీద రెండు కాళ్ళూ పెట్టాక, జోగమ్మ దగ్గరికొచ్చి నా భుజం తట్టి, అప్పుడు తాడు వదిలింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత కుర్రాళ్ళకు పని నేర్పేటప్పుడు ముడులకన్నా ముందు ఇదే చెబుతున్నాను. బరువు మోయడానికి చెట్టు మొదలుంది, చుట్లున్నాయి. కింద నిలబడ్డవాడికి కండలు లేకపోయినా పని నడుస్తుంది. పైనున్నవాడు దిగి వచ్చేదాకా తాడు వదలకూడదు.