కూర్మయ్య తూనీగ

రాజాం ధాన్యం కొట్ల వీధిలో గోనెసంచులమ్మే కూర్మయ్యకు బీపీ లేదు, సుగరు లేదు. ఉన్నదల్లా ఒక బామ్మర్ది. ఆ ఒక్కటీ చాలు.

బామ్మర్ది పేరు ధనరాజు. సరిగ్గా ఎదురుగానే టీ కొట్టు. రోజుకు నాలుగుసార్లు కూర్మయ్య కొట్టుకొచ్చి కూర్చుంటాడు. లేచేటప్పుడు వీధి చివరిదాకా వినబడేలా "వస్తాను బావా!" అని కేకేస్తాడు. అన్నట్టే మళ్లీ వస్తాడు కూడా.

కూర్మయ్యకు అంగారకుడి పిచ్చి పెళ్లయిన కొత్తలో పట్టింది. పేపర్లో అక్కడి నేల ఫొటో వేశారు. ఎర్రగా, రాళ్లు తేలి, అచ్చం చీపురుపల్లి దారిలోని మెట్టలా ఉంది. అలాంటి నేల మీద మనిషన్నవాడు లేకుండా ఒక మరబండి తిరుగుతోందని చదివాక ఆ పూట అతనికి అన్నం సయించలేదు. ఆనాటి నుంచి ఏ బండి ఎక్కడ దిగింది, ఏ రాయి గీకింది, ఏ ఇసుకలో కూరుకుపోయింది అన్నీ అతనికి కావాలి. మొదట్లో నెట్ సెంటరుకు పోయేవాడు. చేతికి ఫోనొచ్చాక, ఇంటరు తప్పిన ఇంగ్లీషుతోనే కూడబలుక్కుని చదివేవాడు. భార్య గున్నమ్మకు చెప్పబోతే "సంచులు కట్టి సావు ముందు" అనేది. సరే, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా అని బామ్మర్దికి చెప్పాడు. అక్కడే కొంప మునిగింది.

ధనరాజు చేతిలో పడితే చప్పిడి కూర కూడా ఘుమఘుమలాడుతుంది. టీ వడగడుతూ "మన బండి నిన్న కొండెక్కినాదిరా" అని మొదలెట్టేవాడు. కలాసీలు బస్తాలు దించి వినేవారు. కొత్త బండి పొట్టకింద పెట్టుకుని ఒక బుల్లి హెలికాప్టర్ని మోసుకెళ్లినప్పుడైతే ఇక చెప్పనక్కర్లేదు. రెండు కిలోలైనా లేని ఆ పిట్టకు మనసులో 'తూనీగ' అని పేరు పెట్టుకున్నది కూర్మయ్య. నోరు జారి ఒక్కసారి అన్నాడు. మర్నాటికి రాజాం అంతా తూనీగే. "ధనరాజూ, తూనీగ ఎగిరినాదేటి?" అని దారిన పోయేవాళ్లు కూడా అడిగేవారు. ఎదురుగా గోనెసంచుల మధ్య కూర్చున్న అసలు మనిషిని అడిగిన పాపాన పోలేదు ఒక్కడూ. సొమ్మొకడిది, సోకొకడిది. కూర్మయ్య బామ్మర్ది కొట్టులో టీ తాగడం మానేసి, మండువేసవిలో సందు చివరిదాకా నడిచిపోయి నీళ్ల టీ తాగొచ్చేవాడు. దానివల్ల ధనరాజుకు పోయిందేమీ లేదు.

ఆ జనవరిలో ఒక ఉదయం ఫోను తెరిస్తే ఇసుక మీద తూనీగ రెక్క నీడ కనబడింది. రెక్క కొస లేదు. దిగేటప్పుడు విరిగిందట, ఇక ఎగరదట. ఐదుసార్లు ఎగిరితే గొప్పనుకుని పంపిన ప్రాణి, మూడేళ్లు ఎగిరింది. కూర్మయ్య ఫొటోను పెద్దది చేసి, ఆ కొస కోసం రెండుసార్లు వెతికాడు. ఆ వెంటనే, సిగ్గు లేకుండా, ఒక ఆలోచన వచ్చింది. ఇది ధనరాజుకు తెలియదు.

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. "ఏటి బావా, తూనీగ కబురేటి?" అని బామ్మర్ది అడిగితే "బాగానే ఉన్నాది" అన్నాడు. ఎదురు కొట్టులో వాడు "రేపో ఎల్లుండో మల్లీ లెగుస్తాది సూడండి" అంటుంటే చెవులారా విన్నాడు. బంగారంలాంటి అబద్ధం, వాడి నోటే వాడి పరువు తీస్తుంది. కూర్మయ్య వారం రోజులు ఆ సుఖం కోసం కాచుక్కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి ధాన్యం బ్రోకరు చినబాబు ధనరాజు కొట్టు ముందు టీ గ్లాసు పట్టుకునే గట్టిగా నవ్వాడు. "ఇంకెక్కడి తూనీగ? రెక్కిరిగి పడిపోనాది. పేపర్లో ఏసినాడు, సూసుకోనేదా?" కలాసీలంతా గొల్లుమన్నారు. కూర్మయ్య సంచుల చాటు నుంచి మెడ సాచి చూశాడు. ధనరాజు నవ్వలేదు, బుకాయించలేదు. స్టవ్ ఆపేసి బల్ల మీద కూలబడ్డాడు. నవ్విన కలాసీలే భుజం మీద చెయ్యేసి "పోన్లే ధనరాజూ" అని ఓదార్చసాగారు. వీధి మొత్తం వాడి చుట్టూ చేరింది. చివరికి దుఃఖం కూడా వాడే పట్టుకుపోయాడు, దొంగవెధవ. కూర్మయ్య వేళకు ముందే కొట్టు కట్టేసి ఇంటికి పోయాడు.

పొద్దు గుంకేవేళ ధనరాజు వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. అక్క గున్నమ్మ టీ తెస్తానంటే "వద్దప్పా" అన్నాడు. మంచినీళ్లూ ముట్టలేదు.

"నీకు ముందే తెలుసు గదా బావా?"

కూర్మయ్య తల దించుకున్నాడు. "తెలుసు."

"ఎన్నాళ్లయినాది?"

"వారం."

ఇప్పుడు తిడతాడనుకున్నాడు. పదిమందిలో నవ్వులపాలు చేశావంటాడనుకున్నాడు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. ధనరాజు బావ మోకాలి మీద చెయ్యి వేశాడు.

"వారం రోజుల్నుంచి ఒక్కడివే మింగుకున్నావా? ఎవలికీ సెప్పుకోలేక? పెంచుకున్నోడివి నువ్వు. నాను ఊరికే సెప్పుకు తిరిగినోణ్ని. నాకే ఇలాగుంటే నీకెలాగుంటాది?"

కాదురా, నీ మీద కుళ్లుతో దాచానని చెప్పాలి. నోరు రాలేదు. కాసేపటికి ధనరాజు లేచి, చెప్పులేసుకుని, ఒక్క ముక్క అనకుండా అరుగు దిగి వెళ్లిపోయాడు.

గున్నమ్మ తమ్ముడి వెనకాల వీధిలోకి చూసి నివ్వెరపోయింది. "ఇదేటిది, వస్తానని సెప్పకుండా ఎల్లిపోతన్నాడు? మనింట్లో ఎవలు పోనారని?"

కూర్మయ్యకు అప్పుడు ఏడుపొచ్చింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆడవాళ్లలా వెక్కివెక్కి ఏడ్చాడు. చావింటికొచ్చిన మనిషి ఎలా వెళ్లాలో అది కూడా ఆ వెధవకే తెలిసిందే అని, ఆ ఏడుపులోనే కొంచెం కుళ్లుకున్నాడు.