నల్లగుడ్డ కింద గొంతు

నాకు ఓపిక లేదని కదిరి ఊరంతా చెబుతుంది. చెప్పనీ. ఫోటో స్టూడియో పెట్టుకున్నవాడికి కోపం రాకపోతే వాడు మనిషే కాదు. కదలొద్దంటే సరిగ్గా అప్పుడే ముక్కు గోక్కుంటారు. లెన్సు మూత తీసి మూడు లెక్కపెట్టేలోపు ముఖం కాస్తా మసకైపోతుంది. తర్వాత "ఏమప్పా గంగాధరప్పా, మా మొగం యాడికి పోయినాది?" అని నన్నే నిలదీస్తారు.

నల్లమ్మను నేను జాలిపడి పనిలో పెట్టుకోలేదు. ఆడవాళ్లు నా ముందు కూర్చునేవాళ్లు కాదు. గోషా ఇళ్ల సంగతి సరే, మామూలు ఇళ్ల కోడళ్లు కూడా పరాయి మగవాడు కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని తమవైపే చూస్తున్నాడంటే ముడుచుకుపోయేవాళ్లు. వ్యాపారం సగం అక్కడే పోయేది. పందొమ్మిది వందల అరవై రెండులో తెలిసిన పంతులొకాయన ఈ పిల్లను పంపించాడు. తనకల్లు ఊరికి అవతల ఒక పల్లె ఆమెది. మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివింది. పందొమ్మిదేళ్లుంటాయి. గడప బయటే నిలబడి, తనలో తానే గొణుక్కుంటున్నట్టు మాట్లాడింది.

"లోపలికి రా" అన్నాను.

"ఈడనే ఉంటాలే సామీ."

"నేనేం సామినమ్మా! తలెత్తి మాట్లాడు. నీ పాపిట చూసి నేనేమని జవాబు చెప్పేది?"

పని నేర్చుకునే రోజుల్లో అన్నం తప్ప ఏమీ ఇవ్వలేనని ముందే చెప్పేశాను. దానికి ఆమె, "దుడ్లు వద్దు సామీ. పని వచ్చినాక మాయమ్మది ఒక ఫోటో తీసుకుంటా. మా నాయన నా చిన్నప్పుడే పోయినాడు. ఎట్లుంటాడో నాకు తెల్దు. అమ్మ మొగమన్నా నాకు మిగలాల" అంది.

ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆ పల్లెల్లో భయం. బతికుండగా ఎవరూ రారు, మనిషి పోయాక మాత్రం పరుగెత్తుకొస్తారు. శవాన్ని గోడకానించి, పూలేసి కూర్చోబెడితే మేం ఫోటో తీసేవాళ్లం. తర్వాత మూసిన కళ్లను సన్నటి పెన్సిలుతో తెరిచినట్టు గీసేవాళ్లం. మా వృత్తిలో సగం అన్నం దాని మీదే. నల్లమ్మకు ఆ పని చప్పున పట్టుబడింది. ఆమె గీసిన కళ్లు చూసి ఒక ముసలాయన, "మా ఆడది నన్నే చూస్తాండాది" అని నా బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు.

చెయ్యి బాగుంది, గొంతే లేదు. పెళ్లికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి "రవంత తల..." అని మిగతా మాట మింగేసేది. ప్రింట్లు తీస్తే అన్నీ పాపిళ్లే, పూలజడలే. "మొగం లేని ఫోటో ఎవరికి కావాలమ్మే!" అని నేను అరిచేవాణ్ణి. ఆమె ఏడ్చేది. ఏడుస్తూనే ప్రింట్లు కడిగేది. బావిలో నీళ్లు అడుగంటిన రోజుల్లో కడిగిన నీళ్లనే మళ్లీ వడగట్టుకునేవాళ్లం.

ఒకరోజు ఎదురు కొట్లో టీ తాగుతున్నాను. స్టూడియోలోంచి గొంతు ఖంగుమంది. "తలెత్తమ్మా! గడ్డం పైకి! కండ్లు నా పక్క!" ఇదెవరబ్బా అని గ్లాసు పడేసి వచ్చాను. లోపల కుర్చీలో ఒక పెళ్లికూతురు, ఎదురుగా నల్లమ్మ తప్ప ఎవరూ లేరు. నడుం దాకా నల్లగుడ్డలో ఉంది.

"ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావు ఈ గొంతు?" అని అడిగాను.

"గుడ్డ కింద ఉంటే నేనెవురో వాళ్లకు తెల్దు గదా సామీ."

"అట్లయితే గుడ్డ కిందనే కాపురం పెట్టు" అన్నాను. నా దగ్గర చేరాక ఆమె నవ్వింది అదే మొదలు.

మరుసటేడు కదిరి తేరు తిరనాళ్లకు ఆమె తల్లి ఓబులమ్మ వచ్చింది. ఫోటో అంటే భయమే, కానీ కూతురు అడిగిందని ఎవరిదో చీర అడిగి కట్టుకొచ్చింది. కుర్చీలో కూర్చోమంటే నేల మీద కూర్చుంది. బతిమాలగా బతిమాలగా అంచు మీద కూర్చుంది. నల్లమ్మ గుడ్డ కప్పుకుంది. "తలెత్తుమా" అంది. ఓబులమ్మ ఎత్తింది. ఎంత నిండైన ముఖమో! నల్లమ్మ మూత తీసింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి "ఏమప్పా, ఉండావా?" అని కేక. బయపరెడ్డి. ఓబులమ్మ కూలికి పోయే చేను ఆయనదే. ఆ గొంతు వినడం, ఓబులమ్మ కుర్చీలోంచి లేచి మూలకు పోవడం ఒక్కసారే జరిగాయి. నల్లమ్మ కూడా గుడ్డలోంచి బయటికొచ్చి తల దించుకుని నిలబడింది. రెడ్డి వచ్చి అదే కుర్చీలో కూర్చుని మీసం సవరించుకున్నాడు.

ఆయన వెళ్లాక ఇంకొకటి తీద్దామంటే ఓబులమ్మ వినలేదు. "ఒకతూరి కూచుంటి గదయ్యా, చాలు" అని వెళ్లిపోయింది. ఫోటో పడిన గాజు ప్లేటు కడిగి చూస్తే కుర్చీ చక్కగా వచ్చింది. దాని మీద ఓబులమ్మ ఉండాల్సిన చోట ఇంత పొగ.

"కుర్సీ బాగా పడింది సామీ" అంది నల్లమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. రెడ్డి మీదా, ఓబులమ్మ మీదా, ఈమె మీదా.

ఆ తర్వాత ఆమె మారింది. గుడ్డలో ఉన్న గొంతు మెల్లగా బయటికి కూడా వచ్చింది. రెండేళ్లకు బయపరెడ్డి ఎన్నికల్లో నిలబడతానని ఫోటోకు వచ్చాడు. మూత తీశాక పక్కనున్న మనిషితో ఏదో అన్నాడు. నల్లమ్మ గుడ్డ తీసేసి ఆయన ముందుకొచ్చి, "కదిలినారు రెడ్డీ. మల్లా కూచోండి. తలెత్తండి. చెప్పేదాకా మాట్లాడొద్దండి" అంది. ఆయన గుడ్లురిమాడు. ఆమె చూపు తిప్పలేదు. రెడ్డి కూర్చున్నాడు! నాకు ఈల వేయాలనిపించింది.

ఆ సాయంత్రం "అన్నా" అని పిలిచింది నన్ను, మొదటిసారి. "వచ్చే తేరుకు మాయమ్మను పిలిపిస్తా. ఈతూరి ఎవురొచ్చినా వాకిట్లోనే నిలబెడ్తా."

ఆ ఏడు వాన చుక్క పడలేదు. చేలల్లో పనుల్లేక ఓబులమ్మ కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయింది. తేరుకు రాలేకపోయింది. మరుసటేడూ అంతే. అరవై ఏడు ఎండల్లో జ్వరమొచ్చి పోయిందని పొద్దున్నే మనిషి వచ్చి చెప్పాడు. నల్లమ్మ ఏడవలేదు. కెమెరా భుజానికెత్తుకుంది. నేను కెమెరా నిలబెట్టే మూడుకాళ్ల పీట పట్టుకుని వెంట నడిచాను.

మేం పల్లెకు చేరేసరికి ఓబులమ్మను గోడకానించి, తల వాలకుండా గుడ్డతో కట్టి కూర్చోబెట్టారు. నల్లమ్మ గుడ్డ కప్పుకుంది. ఇంతలో వీధి మొగలో కలకలం. చూడ్డానికి బయపరెడ్డి వస్తున్నాడు. కూర్చున్నవాళ్లంతా దిగ్గున లేచి, తలలు దించుకుని పక్కకు జరిగారు.

"రెడ్డీ, ఆడనే నిలబడండి" అంది గుడ్డలోంచి గొంతు. ఆయన నిలబడ్డాడు. నల్లమ్మ మూత తీసింది. నేను మూడు లెక్కపెట్టాను.

ఫోటో అద్దంలా వచ్చింది. చీర మీద అతుకుతో సహా. స్టూడియోకొచ్చాక పెన్సిలు చెక్కి ఆమె ముందు పెట్టాను. ఇన్నాళ్లూ ఊరందరి తల్లులకూ కళ్లు గీసిన చెయ్యి కదా అనుకున్నాను. ఆమె ముట్టుకోలేదు.

"కండ్లు తెరిపించొద్దన్నా" అంది. "తెరిస్తే రెడ్డిని చూస్తాది. మల్లా లేస్తాది."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.