పాత పటానికి నేను పెట్టిన రూలు

2022 ఎండాకాలం. సుబేదారిలో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. ఏ విభాగమో పేరు రాయను, ఎందుకంటే చెప్పబోయే తప్పు నాది. కళాకారులకు, చిన్న చిన్న కళాసంఘాలకు ఇచ్చే గ్రాంట్ల దరఖాస్తులన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి. డప్పులు, హార్మోనియాలు, వేషాల బట్టలు, కిరీటాలు, ఇలాంటివాటికి. నేను సీనియర్ అసిస్టెంట్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా చేతి మీదుగా పోయిన ఒక్క ఫైలు కూడా 'అబ్జెక్షన్'తో, అంటే పైవాళ్లు తప్పుపట్టి, వెనక్కి రాలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేదాన్ని, అడగనివాళ్లకూ చెప్పేదాన్ని.

ఆ పేరు నిలబెట్టుకోవడానికే చెక్‌లిస్ట్‌లో నా సొంత తెలివితో ఒక లైను చేర్చాను. చెక్‌లిస్ట్ అంటే దరఖాస్తుతో పాటు ఏయే కాగితాలు ఉండాలో చెప్పే పట్టిక. అంతకు ముందు ఒక భజన బృందంవాళ్లు ఒకే విరిగిన హార్మోనియం చూపించి రెండుసార్లు గ్రాంట్ తీసుకుపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో కొత్త కుర్చీ కావాలంటే పాత కుర్చీని ముందు 'కండెమ్' చెయ్యాలి. అది పనికిరాదని రాసి, తీసేసి, ఆ కాగితం జతపరచాలి. అదే పద్ధతి కళాకారులకూ పెట్టాను. పాతదాని స్థానంలో కొత్తది అడిగేవాళ్లు పాతది తీసేసినట్టు ఫొటో, ఊరివాళ్ల సంతకాలతో పంచనామా ఇవ్వాలి. మా ఆఫీసర్ సారు చదివి "శభాష్ మేడమ్" అన్నారు. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఐలయ్య ఆ నెలలోనే వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లని గుబురు మీసాలు, భుజం మీద కండువా. వెంట తమ్ముడు మల్లేశం. ఇద్దరూ పటం కథ చెప్పే ఇంటివాళ్లు. నేతపని చేసే పద్మశాలీల వాకిళ్ల ముందు వాళ్ల కులపురాణం పాడుతూ, పొడవాటి బట్ట మీద గీసిన బొమ్మల్ని కర్రతో ఒక్కొక్కటే చూపిస్తూ పోతారు. ఆ బొమ్మల బట్టే పటం. ఏ ఊళ్లు ఏ ఇంటివాళ్లవో తాతల నాడే పంచుకున్నారు. ఆ హక్కును మిరాశి అంటారు.

వరండాలో మల్లేశం ఒక కొస పట్టుకుంటే ఐలయ్య రెండు బారల మేర విప్పాడు. ఎర్రటి నేల మీద దేవతలు, రుషులు, మగ్గాలు, ఏనుగులు. మడతల దగ్గర బట్ట చిరిగింది, రంగు పెచ్చులూడింది.

"మా తాత గీయించిన పటం మేడమ్. మా అయ్య దీన్ని వట్టుకొని చెప్పిండు, ఇప్పుడు నేను చెప్తాన. శాలోళ్లేమో ఇగ వద్దంటాన్రు. చినిగిన దేవుణ్ని మా వాకిట్ల నిలవెట్టద్దు, వచ్చే కార్తీకం దాక కొత్త పటం తేకుంటే వేరే మేళాన్ని పిలుసుకుంటం అన్నరు."

"అట్ల పిలుసుకుంటే?"

"మిరాశి పాయె. మా ఇంట్ల కథ నాతోనే ఆగిపోతది."

జాలేసింది. జాలిపడుతూనే దరఖాస్తు తీసుకుని, నా టేబుల్ దగ్గరికి వచ్చి చెక్‌లిస్ట్ మీద టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. నా లైను దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"కాకా, పాతది ఉండంగ కొత్తదానికి ఇయ్యరు. పాత పటం తీసేసినట్టు ఫొటోలు, పంచనామా తేవాలె."

ఐలయ్య వరండాలో ఉన్న పటం వంక చూశాడు. "ముందుగాలనే తియ్యాల్నా మేడమ్? కొత్తది రాకముందుకే?"

"ముందే."

"గట్ల కాకుంట ఇంకో తొవ్వ లేదా? కొత్తది వచ్చినంక తీస్తమని రాసిస్త."

"లేదు కాకా. రూలు అందరికీ ఒకటే." ఆ మాట అన్నప్పుడు నేను కంప్యూటర్‌లో వేరే ఫైలు టైప్ చేస్తున్నాను. తల కూడా ఎత్తలేదు. అన్నదమ్ములు పటం చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే, నా రూలు ఎలా నడుస్తోందో నాకు బాగా తెలుసు. డప్పు మార్చాలన్నవాళ్లు పాత డప్పును అటక మీద పడేసి, గోడకు దాన్ని తగిలించే ఖాళీ మేకు ఫొటో తీసి పంపేవారు. హార్మోనియం వాళ్లు మూత ఊడదీసి ఫొటో దిగి, మళ్లీ బిగించుకునేవారు. కాగితం సరిగ్గా ఉంటే నాకు చాలు. ఐలయ్య కూడా అలాగే ఏదో ఒకటి చేస్తాడనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. నేను మొదట గుర్తుపట్టలేదు. ఐలయ్యకు గుండు, మీసాలు లేవు. మల్లేశానిదీ అదే వాలకం. ఇంట్లో చావు జరిగితే కనబడే రూపం.

"అయ్యో కాకా, ఏమాయె? ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

"పటం పోయింది బిడ్డా," అన్నాడు ఐలయ్య. అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి ఆ రోజు బిడ్డా అన్నాడు. "నువ్వు తియ్యుమంటివి గదా. గంగల కలిపినం."

టేబుల్ మీద ఫొటోలు పెట్టాడు. మొదటి ఫొటోలో చుట్టిన పటం, పైన కొత్త తెల్లబట్ట, పసుపు, కుంకుమ, పూలు. రెండోదానిలో నలుగురు దాన్ని భుజాల మీద మోస్తున్నారు. మూడోదానిలో కాళేశ్వరం దగ్గర గోదావరి, నడుం లోతు నీళ్లలో అన్నదమ్ములు. నాలుగోదానిలో పటం లేదు, ఉత్త నీళ్లు. వాటి కింద పంచనామా. ఊరివాళ్ల సంతకాలు, వేలిముద్రలు, ఒక్కటి కూడా తక్కువ లేదు. దశదిన కర్మ కూడా చేసి, చుట్టాలకు భోజనాలు పెట్టి మరీ వచ్చారట.

నా సర్వీసులో లంచాలు చూశాను, దొంగ సంతకాలు చూశాను, గొడవలు చూశాను. ఎవరైనా నా మాటను ఇంత నిజంగా చేసిపెట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"గంగల ఎందుకు కలిపిన్రు కాకా? ఇంట్ల మూలకు వెట్టుకుంటే అయిపోవు గదా!" దాదాపు అరిచాను.

మల్లేశం నన్ను వింతగా చూశాడు. ఐలయ్యే జవాబిచ్చాడు. "పటం మాకు ఇంటి మనిషి బిడ్డా. మూలకెట్ల పడేస్తం? పాతగైతే మనిషికి చేసినట్టే చెయ్యాలె. కాకుంటే మా తొవ్వల ముందు కొత్తది వస్తది. గీసేటాయన పాతదాన్ని పక్కన పరుసుకొని, చూసుకుంట గీస్తడు. ఆఖర్న దేవుళ్లకు కండ్లు దిద్దుతడు. కొత్తదానికి పాణం వచ్చినంకనే పాతదాన్ని సాగనంపుతం. మీ రూలుల ముందు చావు ఉన్నది."

అంటే కొత్త పటం గీయడానికి చూసుకోవలసిన పటం ఇప్పుడు గోదావరిలో ఉంది. నేనే వేయించాను.

"మరి నాకు చెప్పద్దా?"

"అడిగిన గదా. రెండుసార్లు అడిగిన. నువ్వు లేదంటివి." అందులో కోపం లేదు. అదే నన్ను కాల్చింది.

ఫైలు పట్టుకుని ఆఫీసర్ సారు గదిలోకి పరుగెత్తాను. జరిగింది చెప్పాను. ఆయన ఫొటోలు తిరగేసి, పంచనామా చదివి, "ఇంత పర్ఫెక్ట్ డాక్యుమెంటేషన్ ఎక్కడా చూళ్లేదు మేడమ్. వెంటనే మంజూరుకు పెట్టండి" అన్నారు. ఎగతాళి చేస్తున్నారేమోనని ఆయన ముఖంలోకి చూశాను. లేదు, నిజంగానే మెచ్చుకుంటున్నారు. నిన్నటిదాకా నేనూ నా కుర్చీలో అచ్చం ఇలాగే ఉన్నానని అప్పుడు అర్థమైంది. గ్రాంట్ మంజూరైంది, ఒక్క అబ్జెక్షన్ లేకుండా.

పటానికి ఫొటోలున్నాయేమోనని వెతికాను. ఐలయ్య ఫోన్‌లో మూడో నాలుగో దొరికాయి, అన్నింట్లోనూ మనుషులే ముందు, వెనకాల పటం మసకగా. చివరికి చేర్యాలలో పటాలు గీసే నకాశీ ఆయన ఒకరు, నర్సింహులు, ఒక దారి చెప్పాడు. ఐలయ్య పక్కన కూర్చుని కథ పాడాలి. పాటలో ఏ బొమ్మ వస్తే తను ఆ బొమ్మ గీస్తాడు.

ఒక ఆదివారం నేనూ వెళ్లాను, ఉండబట్టలేక. చింతగింజల గంజి, సుద్ద పట్టించి ఆరబెట్టిన తెల్లబట్ట నేల మీద పరిచి ఉంది. ఐలయ్య ఆ ఉత్త బట్ట మీద కర్ర పెట్టి పాడుతున్నాడు, నర్సింహులు వెంట వెంట గీత గీస్తున్నాడు. మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. ఒకచోట ఐలయ్య కర్ర ఆగిపోయింది.

"ఈడ మగ్గం పక్కన ఒక ఆడామె ఉండె. పాటల ఆమె రాదు. మా తాత ఎందుకు గీయించిండో ఎవలికెరుక లేదు. రోజు చూస్తుంటి గాని..." కళ్లు మూసుకున్నాడు. "చేతుల ఏమున్నదో యాదికొస్తలేదు. మొఖం ఎటు దిరిగి ఉన్నదో కూడ."

"అందాజుగ గీద్దామా?" అన్నాడు నర్సింహులు.

"వద్దు. అది ఆమె కాదు. ఇడిసిపెట్టు." ఎర్ర రంగు నింపి, ఆ జాగా ఖాళీగా వదిలేశారు. పాటలో ఉన్నవన్నీ తిరిగి వచ్చాయి. పాటలో లేనిది నీళ్లలోనే ఉండిపోయింది.

చెక్‌లిస్ట్‌లో ఆ లైను తీసేయమని నోట్ పెట్టాను. సారు ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరైనా ఒక మాట రెండోసారి అడిగితే చేతిలో పని ఆపి ముఖం చూస్తాను. నా సర్వీసంతటికీ నేర్చుకున్న పని అదొక్కటే అనిపిస్తుంది. కానీ అసలు రాయవలసింది ఇంకా ఉంది.

కార్తీకంలో కొత్త పటం పద్మశాలీల వాకిట్లో నిలబడింది. నన్నూ పిలిచారు, ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. మేడమ్ ఇప్పిచ్చిన పటం అని మల్లేశం నలుగురికీ చెబుతుంటే తల దించుకున్నాను. కథ జోరుగా సాగింది, మిరాశి నిలిచింది. ఐలయ్య కర్ర ఆ ఖాళీ జాగా దాటి పక్క బొమ్మ మీదికి పోబోతుంటే, నా వెనక నుంచి ఒక ముసలమ్మ గట్టిగా అంది.

"ఆగరా ఐలయ్యా! మగ్గం కాడ ఆడామె ఉండాలె గదా, ఏది? నా పెండ్లి కానప్పటి సంది చూస్తాన."

పాట ఆగింది. వాకిలంతా ఐలయ్య వంక చూసింది. అతను నా వంక చూశాడు, ఒక్క క్షణం. చెప్పేస్తాడనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను కూడా.

"నేను యాదిమర్సిన అవ్వా," అన్నాడు. "తప్పు నాదే."

ముసలమ్మ అతన్ని నానా మాటలూ అంది. తాత సొమ్ము నిలుపుకోలేనోడివన్నది, ఇంకా ఏమేమో. అతను చేతులు కట్టుకుని విన్నాడు. లేచి నిలబడి తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.