అక్క పాటకి కింది గొంతు

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగం ఒకటుంది. అందులో ఆఖరి గదిలో కిటికీ కింద కుట్టుమిషను. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, గుండీలూడిన డాక్టర్ల కోట్లు అన్నీ ఆ బల్ల మీదికే చేరతాయి. వాటికి మాసికలు వేసే ఆవిణ్ణి ఇరవై ఆరేళ్ళుగా అందరూ దుప్పట్లమ్మ అనే పిలుస్తున్నారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆవిడకి దాని గురించి బెంగ లేదు. ఉన్న బెంగంతా ఒక్కటే. ఏడాది కిందట అక్క పోయిన దగ్గర్నుంచి, తను ఏది పాడినా పాటలా ఉండడం లేదు.

ఇది కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. వాళ్ళ నాన్న వడ్రంగి. చర్చిలో బెంచీలు చేసింది ఆయనే, ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్ళకి పాత కీర్తనలు నేర్పిందీ ఆయనే. ఒకే కీర్తనని రెండు గొంతుల్లో పాడించడం ఆయనకి పిచ్చి. అప్పట్లో అందరికీ తెలిసిన రాగం పై గొంతుది. దాని కిందే, దానికి కలిసేటట్టు, వేరేగా నడిచేది కింది గొంతు. పెద్దదాన్ని ఎడమవైపు నిలబెట్టి పై గొంతు ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ చిన్నదాన్ని కుడివైపు నిలబెట్టి కింది గొంతు ఇచ్చాడు. మంచిదంతా అక్కకేనా అని చిన్నది మూతి ముడుచుకుంది.

"పిచ్చిమొద్దూ! నేను నిచ్చెన ఎక్కితే కింద పట్టుకునేదెవరు?" అన్నాడు నాన్న.

"నేనే."

"నువ్వు వదిలేస్తే?"

చిన్నది ఆలోచించి, "పడతావు" అంది. అంతే, అలక తీరింది. ఆ రోజు పట్టుకున్నది నలభై ఎనిమిదేళ్ళు వదల్లేదు.

చిన్న వయసులోనే భర్త పోయినప్పుడు ఆమెకి ప్రార్థన చేద్దామన్నా నోట మాట రాలేదు. వచ్చినవాళ్ళంతా బైబిలు వాక్యాలు చెప్పి వెళ్ళారు. అక్క మాత్రం ఏమీ చెప్పకుండా వంటింట్లో గిన్నెలు ముందేసుకుని తోముతూ పాట ఎత్తుకుంది. ఇల్లు చేరేదాకా దీపం ఆర్పొద్దని దేవుణ్ణి బతిమాలే పాత కీర్తన అది. రెండో పాదానికల్లా గోడకి ఆనుకుని ఉన్న చెల్లెలి గొంతు దానంతటదే కిందనుంచి కలిసింది. దేవుడు తనని వదిలెయ్యలేదని ఆమెకి నమ్మకం కుదిరింది ఆ గిన్నెల చప్పుడులోనే.

ఆఖరి నాలుగేళ్ళు అక్కకి ఆయాసం. ఆ పాటలో మూడో పాదం ఒక్క బిగిన సాగాలి. అక్క మధ్యలో ఆగి గుండెల నిండా గాలి తీసుకునేది.

"అక్కడ ఆగకూడదే! నాన్న ఉంటే వీపు చిట్లగొట్టేవాడు" అనేది చెల్లెలు.

"కొట్టమను. నా ఊపిరి ఆయనకేం తెలుసు" అని నవ్వేది అక్క. ఆ నవ్వుకి మళ్ళీ ఆయాసం.

ఇప్పుడు ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూటంలో అక్క పాట మీరే పాడాలని పాస్టరు గారు దుప్పట్లమ్మని అడిగారు. చర్చిలో ఇప్పుడంతా కొత్త పాటలు, డ్రమ్ములు, తెర మీద అక్షరాలు. ఆ పాత రాగం పాడగలిగినవాళ్ళు అక్కతోనే ఆఖరు. కాదనలేక ఆమె తలూపింది. ఊపాక ప్రాణం మీదికొచ్చింది. ఆ రాగం వేలసార్లు విన్నదే, కానీ ఒక్కసారీ పాడింది కాదు.

వారం రోజులు మిషను తొక్కుతూ సాధన చేసింది. రెండు పాదాలు ఎలాగో నెట్టుకొచ్చేది. మూడోది సగంలోకి రాగానే గొంతు జారి కిందికి, తన పాత చోటికి పోయి కూర్చునేది. మర్నాడూ అదే తంతు. పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ, తను వరసకలిపి వదినా అని పిలిచే మనిషి, తొంగి చూసి, "పాడుతున్నావా, మూలుగుతున్నావా? ఒంట్లో బాగానే ఉందా?" అంది.

దుప్పట్లమ్మ నవ్వేసింది గానీ ఆ మాట లోపల దిగబడింది. పక్క గదిలో ఉన్న వదినకే ఇది పాటని తెలియకపోతే, అంత పైనున్న దేవుడికి ఎలా తెలుస్తుంది? ఏడాదిగా తన దగ్గర్నుంచి సగం పాటే వెళ్తోంది. సగం పాట అందుకుని ఆయన ఏం చేసుకుంటాడు? అలా అనుకున్నందుకు వెంటనే చెంపలేసుకుంది. అనుమానం మాత్రం విరిగిన సూదిమొన బట్టలో ఉండిపోయినట్టు ఉండిపోయింది. అక్క కావాలి. ఒక్కసారి, ఆ ఒక్క పాటకి చాలు.

ఆదివారం వచ్చింది. చర్చి నిండింది. చివరి బెంచీలో బావ. ఆయన లారీ డ్రైవరు. అక్క ఉన్నన్నాళ్ళూ ఆమెని దింపడానికీ, మళ్ళీ ఎక్కించుకోవడానికీ మాత్రమే చర్చి దాకా వచ్చేవాడు. "నాకొచ్చిన సంగీతం హారనొక్కటే" అని తప్పించుకునేవాడు. అక్క పోయాక ప్రతివారం వచ్చి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని వెళ్తున్నాడు.

దుప్పట్లమ్మ ముందుకు వెళ్ళి, ఎడమవైపు ఒక మనిషికి చోటు వదిలి నిలబడింది. అలవాటు. ఒకటో పాదం వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది సగంలో గొంతు జారింది. మళ్ళీ ఎత్తుకోబోయింది, మళ్ళీ జారింది. జనం తలలు దించుకున్నారు. ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మాయ్!" వెనకనుంచి బావ గొంతు. "అది మీ అక్క వంతు. నీది నువ్వు పాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మొదటినుంచి, ఈసారి కింది గొంతులో ఎత్తుకుంది. జనం మొహమొహాలు చూసుకున్నారు. ఇంతలో ఎవరో బెంచీ ఈడుస్తున్నట్టు ఒక మోత. బావ లేచి నిలబడి రాగం అందుకున్నాడు. మాటలు సగం తప్పు, గొంతు గరుకు. కానీ రాగం అదే. వంటింట్లోనూ లారీ ముందు సీట్లోనూ అక్క పాడుతుండగా ముప్ఫై ఎనిమిదేళ్ళు విన్న రాగం.

మూడో పాదం వచ్చింది. బావవి బండలాంటి ఊపిరితిత్తులు, ఆ పాదాన్ని ఒకే బిగిన రెండుసార్లు లాగగలడు. అయినా మధ్యలో, నాన్న ఆగకూడదన్న చోట, ఠక్కున ఆగాడు. గుండెల నిండా గాలి తీసుకున్నాడు. ఆయన దృష్టిలో ఆ పాట నడకే అంత.

దుప్పట్లమ్మ అప్పటికే ఆగి ఉంది. వారమంతా గొంతు జారింది సరిగ్గా ఇక్కడేనని అప్పుడు తెలిసింది. తను తప్పింది రాగం రాక కాదు. అక్క ఊపిరి తీసుకునే చోటని ఆగబోయింది. దేవుడు కూడా ఆ నాలుగేళ్ళూ ఈ పాటని అక్క ఇలా మధ్యలో ఆగుతుండగానే విన్నాడు. ఇది ఎవరి పాటో ఆయనకి ఒకరు చెప్పాలా?

అక్క ఉంటే ఈపాటికి అందుకునేదే. అది తెలిసి కూడా ఆమె ఇంకాస్త సేపు ఆగింది. బావ కూడా తొందరపడలేదు. తర్వాత ఇద్దరూ కలిసి మిగతా సగం పాడారు.