తమ్ముడి బెల్లం ముక్క

మగ్గాలు ఆగిన రోజునే మా తమ్ముడి ఊపిరి నాకు మొదటిసారి వినబడింది. వలసొచ్చిన ఈ గుజరాతీ ఊళ్లో, బమ్రోలి వైపు షెడ్డులో, ఏళ్ల తరబడి పక్కపక్క మరమగ్గాల మీద నిలబడ్డాం. ఆ చప్పుడులో మాటలన్నీ చేతులతోనే. లాక్‌డౌన్‌తో షెడ్డు మూగబోయాక, గదిలో పక్కన పడుకున్నవాడి రొమ్ములోంచి సన్నగా ఈల వచ్చింది.

"పోగు దుమ్మే అన్నా. జర బెల్లం ముక్క ఇయ్యి" అన్నాడు.

మగ్గం పనివాడికి దగ్గు కొత్తా? దుమ్ము గొంతులో దిగితే బెల్లం నములుతాం, పనిలోకి పోతాం. పూటపూటకూ ఇచ్చాను.

ఆ వారమే మా అక్క మొగుడికీ దగ్గు పట్టింది. బావ ఉండేది ఇదే ఊళ్లో, రింగ్ రోడ్ వెనక. నాకంటే పెద్దవాడు, బీడీ వదలనివాడు. ఆయనా బెల్లమే నమిలాడు. కానీ వాళ్ల గల్లీలో సర్కారు దవాఖానా ఉంది. నర్సు గడపలోకొచ్చి, ఊపిరి లెక్క చూసే క్లిప్పు వేలికి పెట్టి, "కాకా, ఇది దుమ్ము కాదు" అంది. ఆ పూటే ఆక్సిజన్ పెట్టించింది.

మా గల్లీలో ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేడు. తమ్ముడి పెదాలు నల్లబడ్డాకే ఆటో వెతికాను. పెద్దాసుపత్రి గేటు ముందు, లైనులోనే, నా భుజం మీద పోయాడు.

పాతికేళ్ల కింద ప్లేగు వచ్చిన నాడు ఈ ఊరు మూటలు సర్దుకొని పారిపోవడం నేను చూశాను. తర్వాత బావ వాళ్ల వైపు మురుగు పోయే మోరీలు కట్టారు, దవాఖానా పెట్టారు. మా వైపు పొగ గొట్టాలు లేచాయి. దవాఖానా ఏదని అడిగితే వస్తుందన్నారు. నేను బడి మొహం చూడలేదు, పొట్లాం కాగితాల మీద గుజరాతీ నేర్చుకున్నవాణ్ని. అయినా ఈ లెక్క నాకు తెలుసు. రోగం రాకముందు ఏ గల్లీలో ఖర్చు పెట్టారో, ఆ గల్లీలో మనుషులు మిగిలారు.

లాక్‌డౌన్ ఎత్తేశాక బావ పరామర్శకు వచ్చాడు. ఆగకుండా మెట్లెక్కాడు. ఆ ఊపిరి చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఏంది బామ్మర్ది, గిట్ల జూస్తవ్? నేను గూడ పోవాల్నా ఏంది?"

"నువ్వెందుకు పోవాలె బావా. మీ నర్సును జర మా గల్లీకి తోలు."

బావ దగ్గాడు. అలవాటుగా నా చెయ్యి బెల్లం డబ్బా మీదికి పోయింది. మూత తీయలేదు.

"ఇంటికి పో బావా. నీకు దగ్గు సూపెట్టుకునేటందుకు గల్లీల మనిషున్నది."