మడమలు చూసే సారు

మాదన్నపేట మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే, మాకు రోజూ కూరగాయలిచ్చే ఆమె తూకం వేస్తూ చెప్పింది. "కసరత్తు సారు పోయిండంట అక్కా. మొన్న నిద్రలనే పోయిండట."

ఏరిన కాయలు బుట్టలోనే వదిలేసి నిలబడిపోయాను. నాకు తెలియకుండానే కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాను. తల దాటి లేచింది.

మూడేళ్ల క్రితం అది భుజం ఎత్తుకైనా లేచేది కాదు. కాలేజీకి ఆలస్యమవుతున్నా మా అమ్మాయే రోజూ నాకు జడ వేసి వెళ్లేది. నా జడ నేను మళ్లీ వేసుకోగలనా అని దిగులు పడేదాన్ని. నొప్పికి విశ్రాంతే మందనుకొని, రెండు నెలలు చేతిని చున్నీతో మెడకు కట్టుకొని తిరిగాను.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఎక్కడా విరగలేదని, భుజం కీలు బిగుసుకుపోయిందని, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువని చెప్పి కసరత్తు రాసిచ్చారు. అలా సంతోష్‌నగర్‌లో సారు ఇంటికి వెళ్లాను. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో మాలాంటివాళ్లను చూసేవారు. డాక్టరు చీటీ లేనిదే ఎవరినీ ముట్టుకునేవారు కాదు. "ముందు డాక్టరు, తర్వాత గోడ" అనేవారు.

"గీ చున్నీ ఏందమ్మా?" అన్నారు నన్ను చూడగానే.

"రెస్టు సారూ."

"తలుపు రెండు నెలలు తెరవకుంటె కబ్జాలు, గవే మడతబందులు, బిగుసుకుంటయా, లేదా? ఫస్టు అది విప్పు."

వేడినీళ్ల కాపడం పెట్టుకోవాలి. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను చీమల్లా పైకి నడిపించాలి. ఆగినచోట పెన్సిల్ గీత పెట్టాలి. "గుంజినట్టు ఉండాలె, కోసినట్టు ఉండొద్దు. కోస్తే ఆగు" అని హెచ్చరించారు. మేం కసరత్తు చేస్తున్నంతసేపూ ఆయన కుర్చీలో కూర్చునేవారు కాదు. పక్కనే నిలబడి తానూ చెయ్యి ఎత్తేవారు. "మీరు నొప్పి పడుతుంటె నేను కూసుంటె తమాషా చూసినట్టుంటది" అనేవారు.

మా వంటింటి గోడ మీద రోజుకో గీత, పక్కన తేదీ. మూడు వారాలకు గీతలు జానెడు పైకి పోయాయి. అదంతా పుస్తకంలో ఎక్కించి గర్వంగా సారుకు చూపించాను. ఆయన పుస్తకం పక్కన పెట్టి, తన గోడ దగ్గర నిలబెట్టారు. చేతిని కాదు, నా కాళ్లను చూశారు.

"మడమలు లేచినయ్ చూడు. చెయ్యి ఎక్కుతలేదమ్మా, నువ్వే ఎక్కుతున్నవ్."

వరసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. నాకు తెలియకుండా జరిగిందని చెప్పలేను. ఇంటికొచ్చి గీతలన్నీ చెరిపి, మడమలు నేలకు ఆనించి మళ్లీ మొదలుపెట్టాను. కొత్త గీత పాత మొదటి గీత పక్కనే పడింది. ఆ మాట చెబితే సారు, "ఫికర్ చెయ్యకు. ఇది నెలల పని, దినాలది కాదు" అన్నారు.

తొమ్మిది నెలలు పట్టింది. ఒక ఉదయం నా జడ నేనే అల్లుకున్నాను. "మమ్మీ, వంకర పోయింది" అంది మా అమ్మాయి. "పోనీయ్" అన్నాను. ఆ వంకర జడతోనే సారు ఇంటికి వెళ్లి, గోడ మీద చెయ్యి ఎత్తి చూపించాను. ఆయన మొదట కిందికే చూశారు. "మడమలు కిందనే ఉన్నయ్" అన్నారు. ఆ మెప్పు చాలు నాకు.

ఆ రోజు మార్కెట్లో కూరగాయలామె అన్నది అంతటితో అయిపోలేదు. "నాకూ చెయ్యి లేస్తలేదక్కా. సారు తాన పోదామనుకున్న. ఇగ నన్నెవరు చూస్తరు?"

"ముందు డాక్టరు, తర్వాత గోడ" అన్నాను.

ఆసుపత్రికి తోడు వెళ్లాను. అక్కడ చూసి, ఆమెదీ బిగుసుకున్న కీలేనని చెప్పి కసరత్తు నేర్పారు. వాళ్లింట్లో గోడలకు సామాను పేర్చి ఉంటుంది. అందుకని బేరాలయ్యాక మా వంటింటికి వస్తోంది. నిన్న నా గీతలకు బాగా కింద ఆమె మొదటి గీత పడింది. పైకి చూస్తూ వేళ్లు నడిపిస్తోంది. నేను పక్కన నిలబడి, నా చెయ్యీ ఎత్తి, ఆమె మడమలు చూస్తున్నాను.