ఆమెన్ కోసం ఆగిన కోడికూర

ఎక్కడైనా కోడికూర గిన్నె మీద మూత తీసి, ఆవిరి ముఖానికి తగలగానే నాకు ఇప్పటికీ ఆకలి కన్నా ముందు భయం వేస్తుంది, ఎవరైనా ప్రార్థన మొదలుపెడతారేమోనని. ఆ పాపమంతా గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ మార్తమ్మత్తది. ఆమె భర్త, మా బాపు ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు. ఆమె ప్రార్థనకు మా కాలనీ ఎక్కడ సరిపోతుంది? టీవీలో కనిపించిన దేశాలన్నీ తిరిగి రావలసిందే.

2008లో యూరప్‌లో భూమి కింద సొరంగంలో శాస్త్రవేత్తలు ఏదో పెద్ద యంత్రం పెట్టారు. అది తిప్పిన రోజే లోకం అంతమని టీవీల్లో ఒకటే గోల. ఆ పొద్దున అమ్మ బాపు టిఫిన్ డబ్బా దాచేసింది. "ఇయ్యాల డ్యూటీకి పోకు. సస్తే అందరం ఒక్కతాన్నే సద్దాం," అని ఏడ్చింది. "లోకం మునిగితే సరే. మునగకపోతే నా మస్టర్ పోతది," అని బాపు హాజరు సంగతి తేల్చేసి, డబ్బా లేకుండానే వెళ్లిపోయాడు. అమ్మ ఏడుస్తూనే కోడిని తెప్పించింది. దుకాణం దగ్గర పండగంత రద్దీ! చచ్చేముందు తినాలన్న విషయంలో మా కాలనీ అంతా ఒకే మాట మీద ఉంది.

మధ్యాహ్నం మార్తమ్మత్త వచ్చి, కూర ముందు కొంగు కప్పుకుని కూర్చుంది. బర్మా తుఫాను, చైనా భూకంపం, ఒలింపిక్స్‌లో బంగారం తెచ్చిన మన పిల్లవాడు, ఇలా ఆ ఏడాదంతా తిరిగి సొరంగం దగ్గర ఆగింది. "ప్రభువా, ఆ గనిల దిగినోళ్ల లైట్లు ఆరొద్దు. పైకప్పు కూలొద్దు."

అప్పుడు నేను డిగ్రీ చదివే పిల్లను, ఊరుకుంటానా? "అత్తా, అది గని కాదు. లోపల మనుషులే ఉండరు. యంత్రమే తిరుగుతది."

ఆమె ఒక కన్ను తెరిచింది. "చెడిపోతే? ఫిట్టర్ దిగడా?" మళ్లీ మూసుకుంది. "ప్రభువా, ఫిట్టర్లను గూడ సల్లంగ సూడు."

షిఫ్టు దిగే వేళ దాటింది. బాపు రాలేదు, మామ రాలేదు. నా నవ్వు ఎటుపోయిందో, గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చాను. మార్తమ్మత్త మాత్రం ఆమెన్ అనదే! గొంతు బొంగురుపోయినా మళ్లీ బర్మా నుంచి ఎత్తుకుంది. మామ పేరు ఒక్కసారి కూడా తీయలేదు. తీస్తే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

చివరికి గేటు చప్పుడైంది. ఇద్దరూ చెమటలు కక్కుతూ స్కూటర్ తోసుకుంటూ వచ్చారు. "పంచరైంది. లోకం ఏమైంది?" అన్నాడు బాపు.

"కూర సల్లారింది," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"ఆమెన్," అంది మార్తమ్మత్త.

కొన్నాళ్లకే ఆ యంత్రం నిజంగానే చెడిపోయిందని పేపర్లో వచ్చింది. మార్తమ్మత్త నాతో చదివించుకుని, కొంగు కప్పుకుని మళ్లీ కూర్చుంది.

ఇప్పుడామె లేదు. నాకు దేవుడి మీద నమ్మకమూ అంతంతే. అయినా కూర మూత తీశాక, ఎక్కడో ఏదో కూలిందని టీవీ చెబితే నా చెయ్యి ఆగిపోతుంది. "తిను, సల్లారుతది," అంటాడు మా ఆయన.

"ఆగు," అంటాను. "ఫిట్టర్లు ఇంకా పైకి రాలె."